మెదడుకు వెళ్లే ధమనుల్లో సూడోఎన్యూరిజం: తరచుగా అడిగే ప్రశ్నలు

యాక్సిడెంట్ అయిన కొన్నాళ్లకో, మెడకో ముక్కుకో ఆపరేషన్ జరిగాకో, స్కాన్ రిపోర్టులో "సూడోఎన్యూరిజం" అన్న మాట కనిపిస్తే చాలామంది హడలిపోతారు. నిజంగా హడలిపోవాల్సిన కేసులున్నాయి. మాత్రలు వేసుకుంటూ నెలల తరబడి గమనిస్తే సరిపోయే కేసులూ ఉన్నాయి. మీది ఏ రకమో తేల్చేది మూడు సంగతులు: అది ఏ ధమనిలో ఉంది, ఆ ధమనిలో ఏ చోట ఉంది, ఎందువల్ల వచ్చింది. కింది జవాబులు చాలావరకు వాటి చుట్టూనే తిరుగుతాయి. ఇవి చదివాక కూడా మీ డాక్టరు మాటే ఖాయం. ఆ గదిలోకి వెళ్లేముందు ఏం అడగాలో తెలిసి ఉండటానికి మాత్రం ఇవి పనికొస్తాయి.

సూడోఎన్యూరిజం అంటే ఏంటి? మామూలు ఎన్యూరిజంకీ దీనికీ తేడా ఏంటి?

ధమని గోడలో మూడు పొరలుంటాయి. మామూలు ఎన్యూరిజంలో గోడ బలహీనపడి ఉబ్బుతుంది. పలచబడినా సరే, ఆ ఉబ్బు చుట్టూ గోడ అంటూ ఒకటి ఉంటుంది. సూడోఎన్యూరిజంలో గోడే చినుగుతుంది. రక్తం బయటికి వచ్చి పక్కన ఒక సంచిలా నిలుస్తుంది. దాన్ని ఆపి ఉంచేది బయటి పొర ఒక్కటే కావచ్చు, చుట్టూ ఉన్న కండా, గడ్డకట్టిన రక్తమూ కావచ్చు. చెరువు గట్టుకు గండి పడితే బయట పేరుకున్న మట్టే నీటిని కాసేపు ఆపినట్టుంటుంది ఈ ఏర్పాటు. సంచికీ ధమనికీ మధ్య దారి తెరిచే ఉంటుంది కాబట్టి గుండె కొట్టుకున్న ప్రతిసారీ రక్తం లోపలికి వెళ్తుంది, వెనక్కి వస్తుంది.

చికిత్స ఎందుకు చిక్కుగా ఉంటుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. మామూలు ఎన్యూరిజం ధమనికి అతుక్కునే చోట సన్నగా ఉంటే (దీన్ని ఎన్యూరిజం మెడ అంటారు) అక్కడ క్లిప్ పెట్టొచ్చు, లోపల కాయిల్ అనే సన్నని లోహపు తీగచుట్ట నింపొచ్చు. సూడోఎన్యూరిజానికి చాలాసార్లు అలాంటి మెడ ఉండదు, పట్టు దొరికే గోడా ఉండదు.

ఏ ధమనుల్లో వస్తుంది?

మెదడు బరువు శరీరంలో దాదాపు 2 శాతమే. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడే ఆక్సిజన్‌లో మాత్రం సుమారు 20 శాతం అదే తీసుకుంటుంది. ఆ రక్తం నాలుగు పెద్ద ధమనుల్లో పైకి వెళ్తుంది: మెడలో ముందువైపు రెండు కెరోటిడ్‌లు, వెనకవైపు వెన్నుపూసల రంధ్రాల్లోంచి సాగే రెండు వెర్టిబ్రల్ ధమనులు. ఎక్కువ భాగం మోసేది కెరోటిడ్‌లే.

మెడలో వచ్చేదానికీ, పుర్రె అడుగున ఎముక మధ్యలో వచ్చేదానికీ, పుర్రె లోపల మెదడు మీద వచ్చేదానికీ పేరు ఒకటే అయినా ప్రవర్తన వేరు. మెడలో ఉన్నది ముఖ్యంగా గడ్డలు పైకి పంపి స్ట్రోక్ తెస్తుంది. పుర్రె అడుగున ఉన్నది ముక్కులోకో కంటి వెనక్కో రక్తాన్ని తోస్తుంది. పుర్రె లోపల ఉన్నది పగిలితే నేరుగా మెదడు చుట్టూ రక్తస్రావమే. కాబట్టి ఇంటర్నెట్‌లో ఎవరో తమ అనుభవం రాస్తే, ముందు అది ఏ చోటుదో చూడండి. చోటు వేరైతే ఆ కథ మీకు వర్తించదు.

ఎందుకు వస్తుంది?

దెబ్బ వల్ల వచ్చేవే ఎక్కువ. వాహన ప్రమాదంలో మెడ ఒక్కసారిగా వెనక్కి విరుచుకోవడం, సీటుబెల్టు మెడకు అడ్డంగా బిగుసుకోవడం, ఉరి, గొంతు నులమడం, కత్తిపోటు, తూటా. మెడ పైభాగంలో వెన్నుపూస విరిగినా, పుర్రె అడుగు ఎముక బీటువారినా ఆ పక్కనే ఉన్న ధమని చిరిగే అవకాశం ఉంటుంది.

వైద్యం చేస్తుండగా జరిగేవీ ఉన్నాయి. పిట్యూటరీ గ్రంథికి ముక్కులోంచి చేసే ఆపరేషన్లో కెరోటిడ్‌కు గాయం కావచ్చు. సైనస్ ఆపరేషన్లోనూ అంతే. మెడలో సిరకు లైన్ వేస్తుంటే సూది పొరపాటున ధమనిలో దిగొచ్చు. కెరోటిడ్ శుభ్రం చేసే ఆపరేషన్ తర్వాత అక్కడ వేసిన అతుకు ఇన్ఫెక్షన్ పట్టి ఊడటం కూడా తెలిసిన సంగతే.

మూడోది, పెద్ద దెబ్బేమీ లేకుండానే ధమని లోపలి పొర చీలడం. దీన్ని డిసెక్షన్ అంటారు. చీలిక పొరల మధ్య పైకి పాకి, బయటివైపు ఉబ్బి సూడోఎన్యూరిజంగా మిగులుతుంది. ఫైబ్రోమస్క్యులర్ డిస్‌ప్లేసియా, మార్ఫాన్ సిండ్రోమ్, వాస్క్యులర్ ఎహ్లర్స్-డాన్లోస్ లాంటివి ఉన్నవాళ్లలో ధమని గోడ పుట్టుకతోనో జబ్బువల్లో బలహీనంగా ఉంటుంది. ఇక ఇన్ఫెక్షన్, రేడియేషన్ ఉన్నాయి. వాటి గురించి కింద విడిగా రాశాం.

దెబ్బ తగిలిన రోజు స్కాన్ బాగానే ఉందన్నారు. ఇప్పుడు ఉందంటున్నారు. అప్పుడు సరిగ్గా చూడలేదా?

అన్నిసార్లూ అలా అనుకోనక్కర్లేదు. మొదటి రోజు తీసేది మామూలు సీటీ అయితే అది ఎముకల్నీ మెదడులో రక్తాన్నీ చూపిస్తుంది. ధమని లోపలి చీలిక అందులో కనబడదు. దానికి రంగుమందు ఎక్కించి తీసే సీటీ యాంజియో కావాలి.

సీటీ యాంజియో తీసినా మొదటి రోజు చిన్న చీలికగా ఉన్నది వారం తర్వాత సంచిగా మారొచ్చు. రక్తపోటు రోజంతా ఆ చిరిగిన చోటును తోస్తూనే ఉంటుంది. మొదట్లో దాన్ని మూసి ఉంచిన గడ్డ కొన్నాళ్లకు కరుగుతుంది. అప్పుడు దారి తెరుచుకుంటుంది. అందుకే మెడ ధమనికి గాయం ఉందని తేలినవాళ్లకు చాలా ఆసుపత్రుల్లో 7 నుంచి 10 రోజుల మధ్య మళ్లీ స్కాన్ తీస్తారు. ముక్కు ద్వారా చేసిన ఆపరేషన్లో కెరోటిడ్‌కు తగిలిందన్న అనుమానం ఉంటే, వెంటనే తీసిన యాంజియోగ్రామ్ నార్మల్ వచ్చినా కొన్నాళ్లకు ఇంకోసారి చూడటం అందుకే.

మా దృష్టిలో ఈ జబ్బులో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ రెండు స్కాన్‌ల మధ్య గడిచే కాలమే. మనిషి లేచి తిరుగుతుంటాడు, డిశ్చార్జి అయిపోతాడు, ఇంట్లో అందరూ గండం గడిచిందనుకుంటారు. రెండో స్కాన్ తేదీ కాగితం మీదే ఉండిపోతుంది. నొప్పి తగ్గింది కదా అని ఆ స్కాన్ మానేయకండి.

లక్షణాలు ఎలా ఉంటాయి?

అసలేమీ ఉండకపోవచ్చు. ఉంటే, మెడలో ఒక పక్కన కొట్టుకుంటున్న గడ్డ, మెడ, ముఖం, తల ఒక వైపే నొప్పి, చెవిలో గుండెతో పాటు కొట్టుకునే హోరు. చెవి హోరు చాలామందికి ఉంటుంది. కానీ నాడి పట్టుకుని చూస్తే సరిగ్గా దానితో తాళం కలిసే హోరు వేరు. అది డాక్టరుకు చెప్పి తీరాల్సింది.

ఇంకో గుర్తు చూడటానికి చిన్నదే: ఒక కంటి రెప్ప కాస్త వాలి, ఆ కంటిపాప రెండో దానికంటే చిన్నదవుతుంది. కెరోటిడ్ గోడను అంటిపెట్టుకుని సాగే సన్నని నరాలు నలిగితే ఇలా అవుతుంది. హార్నర్ సిండ్రోమ్ అంటారు. మసక వెలుతురులో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే మంచి కంటిపాప పెద్దదవుతుంది, ఇది కాదు. మెడ నొప్పితో పాటు ఇది కొత్తగా కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

సంచి పుర్రె అడుగున పెద్దదైతే పక్కనున్న నరాల మీద పడుతుంది. గొంతు బొంగురుపోవడం, మింగేటప్పుడు పొరబోవడం, నాలుక చాచితే ఒక పక్కకు తిరగడం, వస్తువులు రెండుగా కనబడటం, ఇవన్నీ ఏ నరం నలిగిందన్నదాన్ని బట్టి వస్తాయి. వెర్టిబ్రల్ ధమనిదైతే మెడ వెనకా తల వెనకా నొప్పి, తల తిరగడం, నడకలో తూలడం ఎక్కువ.

తలకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు ముక్కు నుంచి రక్తం కారింది. దీనికీ దానికీ సంబంధం ఉంటుందా?

ఉండొచ్చు. ఉన్నప్పుడు అది చాలా పెద్ద సంగతి.

కెరోటిడ్ పుర్రె లోపలికి వెళ్లేటప్పుడు ముక్కు వెనక ఉన్న స్ఫినాయిడ్ సైనస్ పక్క గోడను ఒరుసుకుంటూ వెళ్తుంది. వాటి మధ్య ఎముక కాగితమంత పలచన. కొందరిలో అక్కడక్కడా ఎముకే ఉండదు. పుర్రె అడుగు విరిగినప్పుడు ఆ చోట ధమని చిరిగితే సూడోఎన్యూరిజం సైనస్ లోపలికి పెరుగుతుంది. కొన్ని వారాలకో, ఒక్కోసారి నెలలకో పగులుతుంది. దెబ్బ, దెబ్బ తగిలిన వైపు చూపు పోవడం, తర్వాత ఎప్పుడో ముక్కు నుంచి ధారగా రక్తం, ఈ మూడూ ఒకే మనిషిలో కనిపిస్తే అనుభవమున్న డాక్టరు కెరోటిడ్‌నే మొదట అనుమానిస్తారు.

మొదటి రక్తస్రావం తరచుగా దానంతటదే ఆగిపోతుంది. అదే మోసం. ముక్కులో దూది కుక్కి, బీపీ మాత్ర రాసి ఇంటికి పంపితే రెండోసారి వచ్చేది ప్రాణాంతకం కావచ్చు. మామూలుగా ముక్కులో రక్తం ముందు భాగంలోని చిన్న నాళాల నుంచి వస్తుంది, దాని గురించి ఇంత టెన్షన్ అక్కర్లేదు. కానీ గత కొన్ని నెలల్లో తలకు గట్టి దెబ్బో, ముక్కు-సైనస్-పిట్యూటరీ ఆపరేషనో జరిగి ఉంటే, ఎమర్జెన్సీలో అడుగుపెట్టగానే ముందు ఆ మాటే చెప్పండి. ఎవరూ అడగకపోయినా చెప్పండి.

అదే చోట ధమని సైనస్‌లోకి కాకుండా చుట్టూ ఉన్న సిరల గూడులోకి తెరుచుకుంటే కెరోటిడ్-కావెర్నస్ ఫిస్టులా అవుతుంది. కన్ను ఎర్రబడి ముందుకు పొడుచుకొచ్చి, గుండెతో పాటు కొట్టుకుంటుంది. దాన్ని కండ్లకలక అనుకుని చుక్కలు వేసుకుంటూ రోజులు గడిపేవాళ్లున్నారు.

సంచి ధమని పక్కన ఉంటే మెదడుకు స్ట్రోక్ ఎలా వస్తుంది?

సంచిలో రక్తం సుడి తిరుగుతూ నెమ్మదిస్తుంది. నెమ్మదించిన రక్తం గడ్డకడుతుంది. పైగా చిరిగిన లోపలి పొర గరుకుగా ఉంటుంది కాబట్టి ప్లేట్‌లెట్లు (రక్తాన్ని గడ్డకట్టించే కణాలు) అక్కడ అంటుకుంటాయి. ఆ గడ్డలో చిన్న ముక్క ఊడి ప్రవాహంలో కలిస్తే అది పోయేది పైకే, మెదడులోకే. ఇంకో దారి, సంచి గానీ చీలిన పొర గానీ అసలు ధమనినే నొక్కి ఇరుకు చేయడం.

దెబ్బ తర్వాత స్ట్రోక్ వెంటనే రాకపోవచ్చు. చాలామందిలో కొన్ని గంటల నుంచి మొదటి మూడు రోజుల్లోపు వస్తుంది, కొందరిలో వారం దాటాక. మందు మొదలుపెట్టడానికి దొరికే సమయం ఆ నిశ్శబ్దంగా ఉండే వ్యవధే.

ఇది పగులుతుందా?

మెడలో డిసెక్షన్ వల్ల దానంతటదే వచ్చినది పగలడం చాలా అరుదు. ఇది చాలామందికి తెలియక రాత్రుళ్లు నిద్ర మానుకుంటారు. కత్తిపోటు, ఇన్ఫెక్షన్, రేడియేషన్ వల్ల మెడలో వచ్చినవి మాత్రం పగలగలవు. పగిలితే మెడ వేగంగా ఉబ్బి శ్వాసనాళాన్ని నొక్కుతుంది. అప్పుడు ముందు కాపాడాల్సింది ఊపిరిని.

పుర్రె లోపలివి అన్నిటికన్నా నమ్మరానివి. తలకు దెబ్బ తగిలినప్పుడు మెదడు రెండు భాగాల మధ్య ఉండే గట్టి పొర అంచుకు ముందువైపు ధమని కొమ్మ కొట్టుకుని చిరగడం తెలిసిన పద్ధతే. ఇలాంటివి ఎక్కువగా దెబ్బ తగిలిన రెండు మూడు వారాల ప్రాంతంలో పగులుతాయి. తలకు దెబ్బ తగిలి కోలుకుంటున్న మనిషి ఉన్నట్టుండి "ఇంత తలనొప్పి జన్మలో రాలేదు" అన్నా, స్పృహ తప్పినా అది పాత దెబ్బ తాలూకు నీరసం అనుకోకూడదు.

పిల్లలకు కూడా వస్తుందా?

అరుదుగా వస్తుంది. రెండు సందర్భాలు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, నోట్లో పెన్సిలో బ్రషో పుల్లో పెట్టుకుని పరిగెత్తుతూ పడటం. అంగిలి పక్కన చిన్న గాటే కనిపిస్తుంది, రక్తం కూడా తొందరగా ఆగిపోతుంది. కానీ ఆ గాటు వెనక కొద్ది దూరంలోనే కెరోటిడ్ ఉంటుంది. అలా పడిన పిల్ల తర్వాతి రెండు మూడు రోజుల్లో మత్తుగా ఉన్నా, ఒక చెయ్యి వాడకపోయినా పరుగెత్తాల్సిందే.

రెండోది గొంతులో చీముగడ్డ. టాన్సిల్ పక్కనో గొంతు వెనకో చీము పట్టి, ఇన్ఫెక్షన్ ధమని గోడను తినేస్తుంది. నోరు తెరిపించి లైటు వేసి చూస్తే గొంతు పక్క గోడ ముందుకు ఉబ్బి ఉంటుంది, చూడటానికి అచ్చం చీముగడ్డే. అయితే కాస్త ఆగి గమనిస్తే ఆ ఉబ్బు కొట్టుకుంటూ ఉండొచ్చు. దానిలో సూది దించితే వచ్చేది చీము కాదు. చీము తీసేముందు, ముఖ్యంగా చెవి నుంచో నోటి నుంచో అప్పటికే కొంచెం రక్తం వచ్చి ఉంటే, స్కాన్ తీయించి ధమని ఎలా ఉందో చూడటం అందుకే.

ఏ స్కాన్‌లో సరిగ్గా తెలుస్తుంది?

మొదట సీటీ యాంజియో. నిమిషాల్లో అయిపోతుంది, మెడ నుంచి తల వరకు చూపిస్తుంది. ఎంఆర్‌ఐలో కొవ్వు సంకేతాన్ని అణిచి తీసే చిత్రాల్లో గోడ మధ్య చేరిన రక్తం నెలవంకలా తెల్లగా కనబడుతుంది, మెదడులో అప్పటికే చిన్న స్ట్రోకులు వచ్చాయేమో కూడా తెలుస్తుంది. డాప్లర్ (ధ్వని తరంగాలతో చేసే స్కాన్) మెడలో అందే భాగం వరకే. ఎముక అడ్డొస్తే దానికి కనబడదు. అందుకని "డాప్లర్ నార్మల్" అన్నంత మాత్రాన పుర్రె అడుగున ఏమీ లేదని కాదు.

తొడ నుంచో మణికట్టు నుంచో గొట్టం పంపి తీసే యాంజియోగ్రామ్ ఇప్పటికీ చివరి మాట. రంగుమందు ఎక్కించి మెదడు ధమనుల చిత్రం తీయడం 1927లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ అనే డాక్టరు మొదలుపెట్టాడు, గొట్టం పంపే పద్ధతి తర్వాత వచ్చింది. సంచిలోకి రక్తం ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు నిలుస్తోంది, అవతలి వైపు ధమనులు ఎంత సాయం చేస్తున్నాయి అన్నది కళ్లముందు కదులుతూ కనిపించేది అందులోనే.

రిపోర్టులో "గ్రేడ్ 3" అని ఉంది. అంటే ముదిరిపోయిందా?

కాదు. దెబ్బల వల్ల మెడ ధమనులకు అయ్యే గాయాలను 1999లో అమెరికాలోని డెన్వర్‌కు చెందిన బిఫ్ల్ అనే డాక్టరు బృందం అయిదు గ్రేడులుగా విడదీసింది. గోడ కొద్దిగా గరుకై, ఇరుకు 25 శాతం లోపు ఉంటే 1. చీలికో గోడలో రక్తమో వల్ల అంతకంటే ఇరుకైనా, లోపల గడ్డ ఉన్నా 2. సూడోఎన్యూరిజం 3. పూర్తిగా మూసుకుపోతే 4. తెగి రక్తం బయటికి పోతుంటే 5. కాబట్టి 3 అన్నది గాయం రకానికి పెట్టిన అంకె. క్యాన్సర్ దశలా చదవకండి. ఒక్క మాట: గ్రేడ్ 1 చాలాసార్లు మానిపోతుంది. దెబ్బ వల్ల వచ్చిన 3 దానంతటదే మానడం తక్కువ. అందుకే దీన్ని ఎక్కువకాలం గమనిస్తారు.

ధమనికి చిల్లు ఉందంటూనే రక్తం పలచబరిచే మందు ఇస్తున్నారు. ఇదేం లెక్క?

అందరూ అడిగేదే, అడగాల్సిందే. మెడలోని సూడోఎన్యూరిజంతో ఎక్కువ ప్రమాదం గడ్డ పైకి పోవడం, పగలడం తక్కువ. కాబట్టి గడ్డ కట్టనివ్వని మందే అక్కడ రక్షణ. ఆస్పిరిన్ ఇవ్వాలా, హెపారిన్-వార్ఫరిన్ లాంటివి ఇవ్వాలా అన్న వాదన చాలాకాలం నడిచింది. మెడ ధమని డిసెక్షన్ ఉన్న 250 మందితో చేసిన క్యాడిస్ పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. రెండు రకాల మందుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, రెండు వైపులా స్ట్రోకులు తక్కువే. 2021లో వచ్చిన ట్రీట్-క్యాడ్ అనే ఇంకో పరీక్ష మాత్రం ఆస్పిరిన్ రెండో రకం మందుకు తీసిపోదని నిరూపించలేకపోయింది. కాబట్టి ఒక డాక్టరు ఒకటి, ఇంకో డాక్టరు ఇంకొకటి రాస్తే ఎవరో ఒకరు తప్పని అర్థం కాదు. క్యాడిస్‌లోనే డిసెక్షన్ వల్ల ఉబ్బు మిగిలినవాళ్లను ఏడాది పాటు గమనిస్తే, ఉబ్బు లేనివాళ్లకంటే స్ట్రోక్ ముప్పు స్పష్టంగా ఎక్కువని తేలలేదు. ఇది మెడలో దానంతటదే వచ్చినవాళ్లకు నిజంగా ధైర్యమిచ్చే సంగతి.

పుర్రె లోపలిదైతే లెక్క తిరగబడుతుంది. అక్కడ పగలడమే పెద్ద భయం. తలకు దెబ్బ తగిలి మెదడులో రక్తం ఉన్న మనిషికి మెడ ధమనిలోనూ గాయం ఉంటే డాక్టర్లు నిజంగా ఇరకాటంలో పడతారు. మందు ఎప్పుడు మొదలుపెట్టాలన్నది న్యూరోసర్జన్‌తో కలిసి రోజు రోజుకూ తేల్చుకోవాల్సిందే.

ఎప్పుడు స్టెంట్ లాంటిది అవసరమవుతుంది?

మందు వాడుతున్నా స్ట్రోక్ లక్షణాలు వస్తే, సంచి స్కాన్ స్కాన్‌కూ పెరుగుతుంటే, నరాలను నొక్కుతుంటే, రక్తస్రావం అయితే. పుర్రె లోపలివాటికీ, ముక్కువైపు పెరిగేవాటికీ ఇంతదాకా ఆగరు.

గుడ్డ లాంటి పొర చుట్టిన కవర్డ్ స్టెంట్ చిల్లును అక్కడికక్కడే మూసేస్తుంది. కానీ అది బిరుసుగా ఉంటుంది, పుర్రె అడుగున ధమని తిరిగే మలుపుల్లో వంగదు. పక్కకు వెళ్లే కొమ్మల్నీ మూసేయగలదు. ఫ్లో డైవర్టర్ అనే దట్టమైన జాలీ స్టెంట్ మెత్తగా వంగుతుంది, రక్తాన్ని సంచిలోకి పోనివ్వకుండా ముందుకు మళ్లిస్తుంది. అయితే సంచి మూసుకోవడానికి వారాలు, నెలలు పట్టొచ్చు. ఆ రోజుల్లో ప్లేట్‌లెట్లను అతుక్కోనివ్వని రెండు రకాల మందులు వాడక తప్పదు. అప్పుడే రక్తం కారిన మనిషికి ఇది కత్తి మీద సాము. ఉత్త కాయిల్స్ నింపితే, చుట్టూ ఉన్నది గడ్డే కాబట్టి, కొన్నాళ్లకు అవి అందులోకి కూరుకుపోయి సంచి మళ్లీ తెరుచుకోవచ్చు. మెడలో అందే చోట ఉంటే ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేసి, కాలి సిరను అక్కడ అతికించడం ఇప్పటికీ మంచి పద్ధతే. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు మరీను.

ఒక కెరోటిడ్‌ను పూర్తిగా మూసేస్తామంటున్నారు. మనిషి బతుకుతాడా?

బతకొచ్చు. 1808లోనే లండన్ సర్జన్ ఆస్ట్లీ కూపర్ ఎన్యూరిజం కోసం ఒక మనిషి కామన్ కెరోటిడ్‌ను (మెడలో రెండుగా చీలకముందు ఉండే ప్రధాన కెరోటిడ్) కట్టేశాడు, ఆ మనిషి ఏళ్ల తరబడి బతికాడు. అంతకు మూడేళ్ల ముందు ఆయనే ఇలా కట్టిన ఇంకో రోగి మాత్రం బతకలేదు. మెదడు అడుగున నాలుగు ధమనులూ కలిసే వలయం ఉంటుంది. అది కొందరిలో నిండుగా ఉంటుంది, కొందరిలో అసంపూర్ణంగా ఉంటుంది. అది ఎలా ఉందో ముందే చూసుకోవడానికి ఇప్పుడు బెలూన్ పరీక్ష చేస్తారు.

ఆ పరీక్షలో మనిషి మెలకువగానే ఉంటాడు. తొడ దగ్గర నుంచి పంపిన గొట్టం చివర బెలూన్ ఉబ్బిస్తారు. ఆ వైపు రక్తం ఆగిపోతుంది. పక్కన నిలబడ్డ డాక్టరు నిమిష నిమిషానికీ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటారు: రెండు చేతులూ పైకెత్తండి, నా వేళ్లు గట్టిగా పట్టుకోండి, నవ్వండి, ఇది పెన్నా తాళంచెవా, వందలోంచి ఏడు తీసేస్తూ రండి. మాట తడబడినా, ఎత్తిన చెయ్యి కాస్త జారినా బెలూన్ అప్పటికప్పుడు దించేస్తారు. మామూలుగా ఇది 20-30 నిమిషాలు సాగుతుంది. చాలాచోట్ల చివర్లో బీపీ కావాలని తగ్గించి కూడా చూస్తారు. అందులో నెగ్గినా తర్వాత స్ట్రోక్ వచ్చే అవకాశం కొద్దిగా మిగిలే ఉంటుంది. నెగ్గకపోతే, మూసేముందు నెత్తిమీది ధమనినో కాలి సిరనో మెదడు ధమనికి కలిపి బైపాస్ చేయాలి.

తొడ దగ్గర వచ్చిన సూడోఎన్యూరిజానికి ఒక ఇంజెక్షన్‌తో నయం చేశారు. మెడలో అలా చేయరా?

తొడలో థ్రాంబిన్ అనే గడ్డకట్టించే మందు సంచిలోకి ఎక్కిస్తారు. అక్కడ అది కొంచెం జారినా పోయేది కాలికి. మెడలో జారితే మెదడుకు. అందుకే ఇక్కడ అది మామూలు చికిత్స కాదు.

ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిందంటే ఏంటి?

గుండె కవాటం మీద ఇన్ఫెక్షన్ పట్టినప్పుడు అక్కడి నుంచి ఊడిన సూక్ష్మక్రిములున్న ముక్కలు మెదడు ధమనుల చివరి కొమ్మల్లో ఇరుక్కుంటాయి, లోపలి నుంచి గోడను తినేస్తాయి. తగ్గని జ్వరంతో పాటు తలనొప్పి, ఫిట్స్ వస్తే డాక్టర్లు దీన్ని అనుమానిస్తారు. సిరలోకి యాంటీబయోటిక్స్ సాధారణంగా 4 నుంచి 6 వారాలు ఇస్తారు. కొన్ని మందుతోనే మాయమవుతాయి, కొన్ని మందు వాడుతుండగానే పెరుగుతాయి. కాబట్టి మధ్య మధ్యలో స్కాన్ తప్పదు. పగిలినదాన్నీ పెరుగుతున్నదాన్నీ మూసేస్తారు. గుండె ఆపరేషన్ కూడా కావాల్సి ఉంటే ఏది ముందన్నది న్యూరో, గుండె డాక్టర్లు కలిసి కూర్చుని తేల్చాలి.

గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవాళ్లు ఏం చూసుకోవాలి?

రేడియేషన్ తగిలిన కెరోటిడ్ గోడకు రక్తం అందించే సన్న నాళాలు ఎండిపోతాయి. పక్కన పుండో, చిల్లో, మళ్లీ పెరిగిన క్యాన్సరో ఉంటే గోడ కరిగిపోతుంది. ఇది ఏళ్ల తర్వాత కూడా జరగొచ్చు. పెద్ద రక్తస్రావానికి ముందు చాలాసార్లు చిన్నది ఒకటి వచ్చి ఆగుతుంది: నోట్లోంచి గానీ మెడ పుండులోంచి గానీ తాజా ఎర్ర రక్తం. ఆ చిన్నదానికే ఆసుపత్రికి వెళ్లినవాళ్లకు స్టెంటో మూసివేతో చేసే వ్యవధి దొరుకుతుంది.

స్టెంట్ వేశాక మందులు ఎన్నాళ్లు? మధ్యలో పన్ను తీయించుకోవాలంటే ఆపొచ్చా?

సాధారణంగా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లాంటిది కొన్ని నెలలు, తర్వాత ఒక్కటే దీర్ఘకాలం. ఎన్ని నెలలన్నది స్టెంట్ రకాన్ని బట్టి ఉంటుంది. స్టెంట్ వేసిన డాక్టరును అడగకుండా ఒక్క రోజు కూడా ఆపకూడదు. పంటి డాక్టరు ఆపమన్నా సరే, ముందు ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. స్టెంట్‌లో గడ్డ కడితే వచ్చేది పూర్తి స్ట్రోక్.

ఇంట్లో ఇంకెవరికైనా పరీక్ష చేయించాలా?

దెబ్బ వల్లో ఆపరేషన్ వల్లో వచ్చినదైతే అక్కర్లేదు. ఏ దెబ్బా లేకుండా చిన్న వయసులో వచ్చినా, ఒకటికి మించి ధమనుల్లో ఉన్నా, ఇంట్లో ఎవరికైనా ఉన్నట్టుండి ధమనో పేగో చిట్లిన చరిత్ర ఉన్నా జన్యు పరీక్ష గురించి అడగండి. వాస్క్యులర్ ఎహ్లర్స్-డాన్లోస్ ఉన్నవాళ్లలో గొట్టం పంపి చేసే యాంజియోగ్రామే కొత్త చిరుగు తేగలదు. కాబట్టి ఆ సంగతి ప్రొసీజర్‌కు ముందే తెలియడం ముఖ్యం.

వ్యాయామం, మసాజ్, డ్రైవింగ్, ప్రయాణం సంగతి?

మెడ విరిచే మసాజ్ వద్దు, ఎవరు చేస్తామన్నా వద్దు. బరువులెత్తడం, ఊపిరి బిగబట్టి చేసే కసరత్తులు, మెడకు కుదుపు తగిలే ఆటలు డాక్టరు సరేననే వరకు పక్కన పెట్టండి. నడక మంచిదే. బీపీ అదుపులో ఉండాలి. సిగరెట్ మానాలి. డ్రైవింగ్, విమాన ప్రయాణం స్ట్రోక్ వచ్చిందా లేదా, చికిత్స అయి ఎన్నాళ్లయింది అన్నదాన్ని బట్టి ఉంటాయి. అందరికీ ఒకటే జవాబు లేదు.

ఏది కనిపిస్తే ఆలోచించకుండా అంబులెన్స్ పిలవాలి?

మూతి వంకరపోవడం, చెయ్యో కాలో పడిపోవడం, మాట ముద్దగా రావడం, ఒక కంటి చూపు తెర దించినట్టు పోవడం, నిలబడలేనంతగా తూలడం, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, ముక్కు నోటి నుంచి ధారగా రక్తం, మెడ చూస్తుండగా ఉబ్బడం. లక్షణం అయిదు నిమిషాల్లో తగ్గిపోయినా వెళ్లాలి. స్ట్రోక్‌లో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా నాలుగున్నర గంటల లోపే గడువు. లక్షణం ఎన్నింటికి మొదలైందో రాసుకోండి, వేసుకుంటున్న మందుల చీటీ చేతిలో పెట్టుకోండి.

ఎన్నాళ్లు ఫాలోఅప్‌కు వెళ్లాలి?

మొదటి ఏడాదిలో సాధారణంగా మూడు, ఆరు, పన్నెండు నెలల ప్రాంతంలో స్కాన్ తీస్తారు. తర్వాత సంచి మాయమైందా, అలాగే ఉందా, పెరిగిందా అన్నదాన్ని బట్టి డాక్టరు వ్యవధి పెంచుతారు. ప్రతిసారీ వీలైతే ఒకే రకం స్కాన్ తీయించుకోండి. ఎంఆర్‌ఐలో కొలిచినదాన్ని సీటీలో కొలిచినదానితో పోలిస్తే ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా రావడం మామూలే. ఆ తేడాకే పెరిగిందని భయపడేవాళ్లున్నారు. కాగితం రిపోర్టు ఒక్కటే కాకుండా పాత స్కాన్ సీడీ కూడా తీసుకెళ్లండి. రేడియాలజిస్టు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మిల్లీమీటరు నిజమో కాదో తేలిపోతుంది.